కాడ మనది, ములికి సంతది, మరి అతుకు ఎవరిది?

(అరసవల్లిలో గదులు అద్దెకు తీసుకుని శ్రీకాకుళంలో చదువుకుంటున్న మన కొండ ప్రాంత విద్యార్థులు ఒక ఆదివారం కలిసినప్పుడు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన మీ కోసం, దూరంగా ఉండి మనతో నడుస్తున్న మిత్రుల కోసం రాసి పెడుతున్నాను.)



ఈ రోజు చట్టాల గురించి మాట్లాడమని అడిగారు. మాట్లాడతాను. కానీ ముందు ఒక బాణం గురించి చెబుతాను. అది అయ్యాక చట్టం దానంతటదే వస్తుంది.

మొన్న ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం ర్యాలీకి మేము కూడా విల్లంబులు పట్టుకుని వెళ్లాం. నా చేతిలో ఉన్నది నేనే చేసుకున్నాను. వెదురు పుల్లకి ముందు వైపు అట్టముక్క త్రికోణంగా కత్తిరించి, దానికి వెండిరంగు మెరుపు కాగితం చుట్టి అంటించాను. ఎండలో భలే మెరిసింది. ఫొటోలు కూడా బాగా వచ్చాయి. మీలో చాలామంది లైక్ కొట్టారు కూడా.

సాయంత్రం సీతంపేట కొండల్లో ఉన్న మా గూడకి వెళ్లాను. అరుగు మీద కూర్చున్న తాత నా చేతిలోది తీసుకున్నాడు. బొటనవేలితో మొనని నొక్కాడు. అట్టముక్క వంగిపోయింది.

"ఏట్రా ఇది?"

"బాణం తాతా."

"దీనికి ములికి ఎవుడు తొడిగాడు?"

"నేనే. ఫెవికాల్‌తో అంటించాను."

తాత నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "అంటించడం యేరు, తొడగడం యేరు గుంటడా" అన్నాడు. బాణాన్ని నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాడు.

బీఎస్సీ ఫిజిక్స్ మూడేళ్లు చదివిన మనిషిని నేను. వందల మంది ముందు మైకు పట్టుకుని మన సంస్కృతి, మన అస్తిత్వం అని మాట్లాడినవాణ్ణి. మన జెండా మీద ఉన్న బాణానికి మొన ఎలా నిలబడుతుందో నాకు తెలీదు. మీలో ఎంతమందికి తెలుసో చెయ్యి ఎత్తమని ఆదివారం అడిగాను. ఒక్క చెయ్యి లేచింది. అది కూడా సగమే లేచింది. ఇప్పుడు చదువుతున్న మీరు కూడా మనసులో చెయ్యి ఎత్తి చూసుకోండి.

ర్యాలీ అయ్యాక వారం రోజులు గూడలోనే ఉండిపోయి తాత దగ్గర కూర్చున్నాను. నేర్చుకున్నది మీకు చెబుతాను. ఇది మా తాత పద్ధతి. సవర గూడల్లో ఇంకోలా ఉండొచ్చు, గదబల దగ్గర వేరేలా ఉండొచ్చు. మీ ఇంట్లో ఎలా ఉందో మీరు వెళ్లి కనుక్కోవాలి.

ముందుగా కాడ. తాత పొయ్యి మీది అటక నుంచి ఒక కట్ట దించాడు. చిటికెనవేలు లావున కోసి, చెక్కు తీసి, పొగలో ఆరబెట్టిన పుల్లలు. పచ్చి పుల్లకి ములికి తొడగకూడదు. ఎండేకొద్దీ పుల్ల కుదించుకుపోతుంది, అతుకు వదులైపోతుంది. అందుకే పుల్లలు ముందే కోసి ఆరబెట్టి ఉంచుతారు. ఎండిన పుల్లని ఒక కన్ను మూసి, రెండో కంటితో ఈ చివర నుంచి ఆ చివరికి చూస్తాడు. ఎక్కడ వంకర ఉందో అక్కడ నిప్పు సెగ మీద తిప్పుతూ వేడి చేస్తాడు. వేడికి కర్ర మెత్తబడుతుంది. అప్పుడు వంకరకి ఎదురుగా కొంచెం ఎక్కువే వంచి, చల్లారేదాకా వదలకుండా పట్టుకుంటాడు. చల్లారకముందే వదిలితే మళ్లీ పాత వంకరకే పోతుంది. నేను మూడు విరిచాను. నాలుగోది నిలబడింది.

మనం ఉంటున్న ఈ అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి గుడి ఉంది కదా. మార్చిలో ఒకసారి, అక్టోబర్ మొదట్లో ఒకసారి పొద్దున్నే ఎండ గోపురం లోంచి నేరుగా లోపలికి వచ్చి విగ్రహం పాదాల మీద పడుతుంది. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అంత సూటిగా గుడి కట్టిన శిల్పుల నైపుణ్యం గొప్పదే, కాదనను. కానీ ఒక కన్ను మూసి కాడ పొడవునా చూసే మా తాత కంట్లో ఉన్నదీ ఆ సూటి చూపే. దాన్ని మాత్రం ఎవరూ విద్య అనలేదు. మనం కూడా అనలేదు.

ఇక ములికి. తెలుగులో ములికి అంటాం, మొన అంటాం, అలుగు అంటాం. ఇది అడవిలో కాయదు. ఇనుము కావాలి, కొలిమి కావాలి, కమ్మరి కావాలి. పాత కొడవలి ముక్కో, అరిగిపోయిన లారీ పట్టీ ముక్కో తీసుకెళ్లి ఇస్తే కమ్మరి సాగగొట్టి ఇచ్చేవాడు. బదులుగా చోళ్లో, కందులో, చింతపండో ఇచ్చేవాళ్లం. అంటే బాణం ఏనాడూ పూర్తిగా కొండ వస్తువు కాదు. కాడ కొండది, ములికి సంతది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ములుకులు రెండు రకాలు. ఒకదానికి వెనక సూదిలా సన్నటి తోక ఉంటుంది, అది కాడ లోపలికి దిగుతుంది. రెండోదానికి వెనక గొట్టం ఉంటుంది, కాడ దాని లోపలికి దిగుతుంది. తాత వీటిని తోక ములికి, గొట్టం ములికి అన్నాడు.

తోక ములికి తొడగడం కష్టం. కాడ మొనకి కన్నం పెట్టి తోకని దిగగొడితే కాడ నిలువునా చీలిపోతుంది. అందుకని ముందు కట్టు, తర్వాత కన్నం. కాడ చివర నుంచి మూడు వేళ్ల మేర నార బిగించి చుట్టాలి. ఆ తర్వాత తోకని నిప్పుల్లో కాల్చి, కాడ చివర నడిమధ్యన పెట్టి కొంచెం కొంచెంగా దించాలి. సర్రుమని పొగ వస్తుంది. ఒక్క దెబ్బలో దించకూడదు. కాస్త కాల్చి తియ్యాలి, మళ్లీ కాల్చి దించాలి. అలా చేస్తే కన్నం తోక ఆకారంలోనే తయారవుతుంది. ఇంకో ములికి తెస్తే అందులో సరిపోదు. ఏ కాడకి కాలిన తోక ఆ కాడదే.

వెదురు కాడైతే ఇంకో జాగ్రత్త ఉంది. వెదురు లోపల బోలుగా ఉంటుంది. బాణం గట్టిగా తగిలినప్పుడు దెబ్బ ముందుకే కాదు, వెనక్కి కూడా వస్తుంది. తోక వెనక్కి దూసుకొచ్చి వెదుర్ని చీల్చేస్తుంది. కాబట్టి తోక ఆగే చోట కణుపు ఉండేలా చూసుకుని కోస్తారు. తోకకి వెనక గోడలా కణుపు నిలబడుతుంది. కోసేటప్పుడే ఇది తెలిసుండాలి. పుల్ల తెచ్చాక తెలిస్తే లాభం లేదు.

కన్నం చల్లారాక లక్క. లక్క ముక్కని సెగకి పట్టి కరిగించి కన్నంలో నింపాలి. తోకని మళ్లీ కొంచెమే వేడి చేసి, తిప్పుతూ దించాలి. పక్కలకి పొంగిన లక్కని తడివేళ్లతో నొక్కి కట్టు మీదికి పూసెయ్యాలి. నా వేలు కాలింది, ఇదిగో మచ్చ. లక్క లేకపోతే గుగ్గిలంలో మైనం కలిపి వాడతారు. ఒట్టి గుగ్గిలం పెళుసు, దెబ్బకి పగులుతుంది. మైనం కలిస్తే కాస్త సాగుతుంది. చివర్లో పైన ఇంకో కట్టు. జంతువు నరాన్ని తడిపి చుడితే ఎండేకొద్దీ తనంతట తనే బిగుసుకుంటుంది. నార అలా కాదు. అడ్డతీగ నార వాడితే దాని మీద లక్కో మైనమో పట్టించాలి, లేకపోతే వానకి తడిసి వదులైపోతుంది. నార పేనింది మా నాయనమ్మ. తొడ మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోస్తే పురి పడిపోతుంది. నేను గంటసేపు తోసినా పడలేదు. బాణం అంటే మగవాళ్ల వస్తువని మనం అనుకుంటాం గానీ, మా ఇంట్లో దాని కట్టు నాయనమ్మదే.

గొట్టం ములికికి లెక్క వేరు. కాడ చివరని కొంచెం కొంచెంగా గీకి గొట్టం లోపలి ఆకారంలోకి తేవాలి. గొట్టం అడుగుదాకా కర్ర దిగాలి. అంచు దగ్గర బిగుతుగా ఉండి అడుగున ఖాళీ ఉంటే, చూడటానికి గట్టిగానే కనిపిస్తుంది. తగిలిన మొదటి దెబ్బకి అంచు దగ్గర విరుగుతుంది. తాత దీనికో చిట్కా చూపించాడు. గొట్టం లోపల పొయ్యి మసి పూసి, కాడని దూర్చి తీస్తాడు. ఎక్కడ మసి అంటిందో అక్కడ గీకుతాడు. మసి కాడ చుట్టూ సమంగా అంటేదాకా అంతే. ఎవరూ ఆయనకి ఇంజనీరింగ్ చెప్పలేదు.

అన్నీ అయ్యాక రెండు పరీక్షలు. ములికి మొనని ఎడమచేతి బొటనవేలి గోరు మీద ఆనించి, కాడని కుడిచేత్తో గిర్రున తిప్పుతాడు. మొన ఒక్క చోటే తిరిగితే సూటిగా తొడిగినట్టు. గోరు మీద గిలగిల కొట్టుకుంటే వంకర. రెండోది, బాణాన్ని ఒక వేలి మీద అడ్డంగా నిలబెడతాడు. అది కాడ నడిమధ్యన నిలబడకూడదు. మధ్యకి కాస్త ముందు, ములికి వైపు నిలబడాలి. ముందు బరువు, వెనక ఈకలకి గాలి పట్టు, రెండూ ఉంటేనే బాణం సూటిగా పోతుంది. ములికి మరీ బరువైతే అల్లెతాడు తోసిన తోపుకి కాడ ఎక్కువగా వంగి పక్కకి పోతుంది, దూరమూ తగ్గుతుంది. దీన్ని నేను కాలేజీలో గురుత్వ కేంద్రం అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. తాత మాత్రం "బాణం తల దించుకోవాల, పడిపోకూడదు" అన్నాడు. రెండూ ఒకటే.

ఇంకొక్క సంగతి నాకు అన్నిటికన్నా నచ్చింది. కాడ విరిగితే బాణం పోయినట్టు కాదు. విరిగిన మొనని సెగ మీద పెడితే లక్క కరుగుతుంది. ములికి చేతికి వచ్చేస్తుంది. కొత్త కాడకి కొత్త కన్నం కాల్చి తొడుక్కోవచ్చు. మా తాత దగ్గరున్న ఒక ములికి వాళ్ల నాన్నది. ఎన్ని కాడలు మారాయో ఆయనకే లెక్క లేదు.

ఇది మన ఒక్క కొండ ముచ్చట అనుకోకండి. నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర కొండచరియల కింద 35,000 ఏళ్ల నాటి చిన్న చిన్న రాతి పనిముట్లు తవ్వకాల్లో దొరికాయి. గోరంత రాయిని చేత్తో పట్టుకుని ఏం చెయ్యగలం? ఏ కర్రకో, ఎముకకో తొడిగితేనే పనికొస్తుంది. అంటే తొడగడం అనే విద్య తెలుగు నేల మీద ఇనుము కంటే ఎన్నో వేల ఏళ్లు పాతది.

1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ మంచులో ఒక మనిషి శవం బయటపడింది. చనిపోయి దాదాపు 5,300 ఏళ్లయింది. ఓట్జీ అని పేరు పెట్టారు. అతని అమ్ములపొదిలో 14 కాడలున్నాయి. అందులో రెండింటికే ములుకులు. చెకుముకి రాతి ములుకులు, బర్చ్ చెట్టు బెరడు నుంచి తీసిన జిగురు పెట్టి, పైన దారం చుట్టి ఉన్నాయి. మన లక్క, మన నార లాగే. మిగతా 12 ఇంకా తొడగనివి. 2001లో ఎక్స్‌రే తీస్తే అతని ఎడమ భుజంలో ఒక రాతి ములికి కనిపించింది. ఎవరో వెనక నుంచి కొట్టారు. తొడగని కాడలు పన్నెండు వీపున మోస్తూ ఆ మనిషి చచ్చిపోయాడు. ఇది చదివినప్పుడు నాకు మన ర్యాలీ గుర్తొచ్చింది.

ఒలింపిక్స్‌కి వెళ్లే విలుకాళ్లు వాడేది కార్బన్ కాడ. దానికి ఉక్కు మొనని ఎలా పెడతారో తెలుసా? వేడికి కరిగే జిగురుతో. మొన మార్చాలంటే మళ్లీ వేడి చేసి లాగుతారు. మా తాత లక్క పద్ధతి అదే కదా! రాజస్థాన్ ఉదయపూర్ జిల్లా ఆదివాసీ బిడ్డ లింబారామ్ చిన్నప్పుడు వెదురు విల్లుతో పెరిగినవాడు. 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో ప్రపంచ రికార్డుని సమం చేశాడు. 2012లో పద్మశ్రీ ఇచ్చారు. అడవిలో నేర్చుకున్న చెయ్యి స్టేడియంలో తప్పిపోలేదు.

సరే, మరి ఇంత విద్య ఇంట్లో ఉంటే నాకెందుకు రాలేదు? తాత నాకు చెప్పలేదు. మా నాన్నకీ చెప్పలేదు. ఎందుకని ఈ వారంలోనే అడిగాను.

నేను ఏడో తరగతిలో ఉండగా మా చిన్నాన్న పోడులో పంటకి కాపలా కాసి, తెల్లారి విల్లంబులు భుజాన వేసుకుని దిగొస్తున్నాడు. దారిలో ఆపారు. ఎవరు ఆపారన్నది ఇప్పుడు నాకు ముఖ్యం కాదు. విల్లు విరిచేశారు. బాణాలు తీసుకున్నారు. కేసు పెడతామన్నారు, సాయంత్రందాకా కూర్చోబెట్టారు. చిన్నాన్న ఏ జంతువునీ కొట్టలేదు. కానీ చట్టంలో ఏముందో ఆయనకి తెలీదు, మాకూ తెలీదు. ఆ రాత్రి తాత ఇంట్లో మిగిలిన బాణాలన్నిటి ములుకులూ సెగ పెట్టి ఊడదీసి, గుడ్డలో మూటకట్టి, చూరులో దాచేశాడు. కాడలు పొయ్యిలో పెట్టేశాడు. మా ఇంట్లో బాణం విద్య అలా ఆగింది. మనవాళ్లు మర్చిపోయారు, మోజు తగ్గిందని మనం రాస్తుంటాం. మర్చిపోలేదు తమ్ముడూ. భయపడ్డారు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. నేను చెప్పేది రాసుకోండి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, సెక్షన్ 2(35). ఆయుధం అంటే ఏమిటో అక్కడ రాశారు. తుపాకులు, పేలుడు పదార్థాలు, విషం, ఉచ్చులతో పాటు విల్లు, బాణం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. సెక్షన్ 31 ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టకూడదు. వేట నేరం. ఇది మనకి నచ్చినా నచ్చకపోయినా ఉన్న చట్టం. అడవిలోకి వెళ్లి ఏదో కొట్టి వీడియో పెట్టమని నేను చెప్పడం లేదు. అలాంటి పని ఎవరూ చెయ్యొద్దు. కానీ ఇంటి చూరులో బాణం ఉండటం వేట కాదు. బాణం చెయ్యడం తెలిసుండటం నేరం కాదు. ఈ తేడా మా చిన్నాన్నకి ఆ రోజు తెలిసుంటే సాయంత్రందాకా తల దించుకుని కూర్చునేవాడు కాదు.

రెండోది 2006 అటవీ హక్కుల చట్టం. సెక్షన్ 2(ఐ)లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులంటే ఏమిటో రాశారు. వెదురు ఉంది. లక్క ఉంది. తేనె ఉంది, మైనం ఉంది. సెక్షన్ 3(1)(సి) ప్రకారం వీటిని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనది. సెక్షన్ 3(1)(కె) చూడండి. జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని రాశారు. ఏ పుల్లకి ఏ లక్క, ఏ నారకి ఎంత మైనం అన్నది ఆ జ్ఞానమే. ఇక 3(1)(ఎల్). మనం సంప్రదాయంగా అనుభవిస్తున్న మిగతా హక్కులన్నీ ఇస్తూనే, వేటాడే హక్కుని మాత్రం మినహాయించారు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వెదురు కాడ చట్టంలో హక్కు. లక్క హక్కు. మైనం హక్కు. తొడిగే జ్ఞానం కూడా హక్కే. ఈ నాలుగూ కలిసి బాణం అయిన నిమిషం నుంచి, అది ఇంకో చట్టంలో ఆయుధం. విడివిడిగా ఉన్నంతసేపు మనల్ని ఎవరూ ఏమీ అనరు. తొడిగితేనే ఇబ్బంది.

మన బతుకు కూడా ఇలాగే ఉందని మీకు అనిపించడం లేదా? విడివిడిగా మనల్ని అందరూ మెచ్చుకుంటారు. థింసా బాగుంటుంది, సవర గోడబొమ్మలు బాగుంటాయి. ఆ బొమ్మల్లో విల్లు పట్టుకున్న మనుషులు ఇంకా బాగుంటారు, ప్రభుత్వ ఆఫీసు గోడల మీద కూడా వేస్తారు. సభకి వచ్చిన ప్రతి నాయకుడి చేతికీ విల్లంబులు ఇచ్చి ఫొటో తీస్తాం. ఆ బాణానికి మొన ఉండదు, అందుకే ఎవరికీ భయం లేదు. అదే నాయకుడి చేతిలో గ్రామసభ తీర్మానం పెట్టి సంతకం చెయ్యమంటే అప్పుడు ముఖం చూడండి.

చరిత్ర కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీదికి ఎందుకు వెళ్లారు? తుపాకుల కోసం. బాణం ఒక్కటే చాలదని వాళ్లకి తెలుసు. 1967 అక్టోబర్ 31న మన పక్కనే, మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర తుపాకులు పేలాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. ములికి ఎంత పదునైనా తుపాకీ ముందు ఎంత నిలబడుతుందో మన పెద్దలు ప్రాణాలిచ్చి చూశారు. కాబట్టి బాణం పట్టుకుని యుద్ధానికి పొమ్మని చెప్పడానికి నేను రాలేదు.

మరి దేనికి చెప్పాను? ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి వస్తున్నాను. కాడ కొండది, ములికి సంతది. మన పెద్దలు ఇనుము మనది కాదని వదిలెయ్యలేదు. సంతకి దిగి, చోళ్లిచ్చి, ములికి తెచ్చుకుని మన కాడకి తొడుక్కున్నారు. మనకి ఇప్పుడు కాలేజీ చదువు కూడా సంత ములికే. ఆర్టీఐ దరఖాస్తు, అటవీ హక్కుల క్లెయిమ్ ఫారం, కోర్టు తీర్పు, ఇవన్నీ మైదానం కొలిమిలో తయారైనవే. కొనుక్కోవాల్సిందే. కానీ కొనుక్కున్న ములికిని అరసవల్లి గదిలో పుస్తకాల మధ్య పెట్టుకుంటే అది ఇనుప ముక్క. గూడలో ఉన్న తాతలు, నాయనమ్మలు, వాళ్లకి తెలిసిన హద్దులు, వాగులు, పేర్లు, ఇవి కాడ. మొన లేకుండా అది పుల్ల.

మనలో చాలామంది అంటించుకుంటున్నారు, తొడుక్కోవడం లేదు. వాట్సాప్ డీపీలో బాణం అంటించడం సులువు. ఏటా ఆగస్టు 9న ఒక రోజు ఊరికెళ్లి రావడం సులువు. తొడగాలంటే ముందు కాడని అర్థం చేసుకోవాలి, ఎక్కడ కణుపుందో చూసుకోవాలి. చీలకుండా ముందే కట్టు కట్టుకోవాలి. వేడి తగులుతుంది, వేలు కాలుతుంది. అడుగుదాకా దిగాలి. అంచు దగ్గర బిగుతుగా ఉండి అడుగున ఖాళీగా ఉన్న నాయకత్వం మొదటి దెబ్బకే విరుగుతుంది. నా గురించి కూడా కలిపే చెబుతున్నాను.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఐటీడీఏ ఆఫీసూ అటే పోయింది. మెళియాపుట్టి, మందస కొండల్లో ఉన్న మనవాళ్లు శ్రీకాకుళం జిల్లాలో మిగిలారు. ఒకే బంధువులు రెండు జిల్లాలయ్యారు. ఇలాంటప్పుడు అతుకు ఇంకా ముఖ్యం.

చెయ్యాల్సిన పనులు మూడు చెబుతాను, ఎక్కువ చెప్పను.

ఒకటి. ఈ సంక్రాంతి సెలవుల్లో మీ ఇంట్లో బాణం తెలిసిన పెద్ద మనిషి దగ్గర నాలుగు రోజులు కూర్చోండి. ఒక్క కాడకి ఒక్క ములికి తొడగడం నేర్చుకోండి. విరిగితే విరగనివ్వండి. నేర్చుకున్న దాన్ని అడవిలోకి కాదు, గూడలో పిల్లల ముందుకి తీసుకెళ్లండి. అరటిబోదె నిలబెట్టి కొట్టించండి.

రెండు. కాడని, ములికిని, కట్టుని, ఈకని, లక్కని మీ భాషలో ఏమంటారో రాయండి. సవరలో, కువిలో, గదబలో. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. ఆయన సవర కాదు. ఆయనకి అంత ఓపిక ఉంటే, మన తాతల మాట రాయడానికి మనకి ఒక నోటుబుక్కు ఓపిక లేదా? ఫోన్ ఉంది, రికార్డు చెయ్యండి. ముందు పెద్దవాళ్లని అడిగి చెయ్యండి. వాళ్లు వద్దన్న చోట ఆపెయ్యండి.

మూడు. ఆ రాసిన దాన్ని గ్రామసభలో చదవండి. ఇది మా సంప్రదాయ జ్ఞానం, సెక్షన్ 3(1)(కె) ప్రకారం మా సమాజ హక్కు అని తీర్మానం చెయ్యించండి. సామూహిక హక్కుల క్లెయిమ్‌లో వెదురు, లక్క, మైనం పేర్లు రాయించండి. రేపు ఇంకో చిన్నాన్నని దారిలో ఆపితే, ఆయన చేతిలో ఆ తీర్మానం కాపీ ఉండాలి. పక్కన మీరు ఉండాలి.

చివరిగా ఒక మాట. వారం రోజులకి నేను తొడిగిన బాణం ఒకటి సూటిగా వచ్చింది. గోరు మీద తిప్పితే నిలబడింది. దాన్ని అరసవల్లి తెచ్చుకుని నా గదిలో గోడకి పెట్టుకుందామని మురిసిపోయాను. బయలుదేరే రోజు పొద్దున్నే తాత ఆ బాణాన్ని సెగ మీద పెట్టి, లక్క కరిగించి, ములికి ఊడదీశాడు. నాకు గుండె కలుక్కుమంది. ఆ పాత రాత్రి గుర్తొచ్చింది. మళ్లీ భయపడుతున్నాడేమో అనుకున్నాను.

కాదు. కాడ నా చేతిలో పెట్టి, ములికి తన పంచె కొంగున ముడేసుకున్నాడు.

"బస్సులో మొనతో ఎల్తే నీకు తంటా. కాడ నువ్వు ఒట్టుకుపో. ములికి నా కాడ ఉంటాది. తొడగాలంటే నువ్వు రావాల."

ఇప్పుడా కాడ నా గదిలో, పుస్తకాల పక్కన గోడకి ఆనించి ఉంది. చివర కాలిన కన్నం ఉంది. ఆ కన్నం ఏ ములికిదో ఆ ములికికే సరిపోతుంది. సంక్రాంతికి వెళ్తున్నాను. మీరు కూడా వెళ్లండి.

జల్, జంగల్, జమీన్. జోహార్. జై ఆదివాసీ.